మూడు కంప్యూటర్ల ఇల్లు

ఫిబ్రవరి 9

వదినకు,

ఉభయకుశలోపరి అని రాయబోయి కలం ఆపేశాను. ఆ ఉభయంలో నువ్వున్నావో లేదో, నేనున్నానో లేదో తేల్చుకోలేకపోయాను. నేనైతే తింటున్నాను, నిద్రపోతున్నాను, పనికి వెళ్ళొస్తున్నాను. మనిషికి అంతకంటే ఏం కావాలంటారు కదా పెద్దవాళ్ళు.

పదకొండుసార్లు ఫోన్ చేశాను. నువ్వు ఎత్తలేదు. తప్పు పట్టడం లేదు. అక్టోబరులో అన్నయ్య పోయిన దగ్గర్నుంచి ఏ ఫోన్ ఎత్తినా అవే ప్రశ్నలు, అదే నిట్టూర్పు. అందుకే ఉత్తరం. ఉత్తరంలో అయితే నిట్టూర్పు వినపడదు.

నా గది టైర్ల షాపు మీద. కింద చక్రం బిగించినప్పుడల్లా పైన నా మంచం వణుకుతుంది. పని చేసే చోటు పొడవాటి రేకుల షెడ్డు. ఒక చివర రంపాలు, ఇంకో చివర మేం నలుగురం వంటిళ్ళ బొమ్మలు గీస్తూ కూర్చుంటాం. దుమ్ము మాత్రం అచ్చం మన వడ్రంగి షాపు దుమ్మే. మొదటి రోజు అది ముక్కులో పడగానే ఇంటికొచ్చినట్టనిపించింది. ఓనరు చెడ్డవాడు కాదు గానీ నవ్వడు. ఏప్రిల్ పదిహేను దాకా నన్ను చూస్తాడట. ఆలోగా మూడు వంటిళ్ళు సొంతంగా గీసి, కోయాల్సిన ముక్కల జాబితాలు తీసి ఇవ్వాలి. కోసి బిగిస్తే అవి సరిగ్గా కూర్చోవాలి. కూర్చుంటే ఉద్యోగం, లేకపోతే తిరుగు బస్సు.

ఇప్పుడు అసలు సంగతి. పోయిన నెల నీళ్ళ సీసా ఒలికి నా ల్యాప్‌టాప్ మూగబోయింది. కొత్తది తెచ్చుకుని, మనం ముగ్గురం ఇన్నేళ్ళూ అల్మారాలు గీసిన మన ప్రోగ్రామే అందులో పెట్టాను. తెరిస్తే ఏమందో తెలుసా? "మీ ఇంటికి అనుమతి ఉన్నవి మూడు కంప్యూటర్లు. ఇది నాలుగోది." కింద జాబితా: షాపు, వంటిల్లు, కొలబద్ద. అన్నీ అన్నయ్య పెట్టిన పేర్లే. చిన్నప్పుడు కనబడ్డదల్లా కొలుస్తూ తిరిగానని నన్ను కొలబద్ద అన్నాడు సరే, నా కంప్యూటరుకు కూడా అదే పేరా!

నా పాతదాన్ని జాబితాలోంచి తీసేద్దామంటే, ఆ కంప్యూటరులోంచే నొక్కాలట. అది తెరుచుకుంటేగా! కొత్తగా వేరే లైసెన్సు తీసుకుంటే నా ఆరేళ్ళ బొమ్మలు అందులో తెరుచుకోవు. అవన్నీ మన ఇంటి లైసెన్సుకే కట్టుబడి ఉన్నాయి. కాబట్టి మిగిలింది షాపుది. అదెలాగూ ఇప్పుడు వాడుకలో లేదు కదా. నువ్వు ఒక్కసారి షాపులోకి వెళ్ళి, దాన్ని ఆన్ చేసి, "ఈ కంప్యూటరును జాబితా నుంచి తీసెయ్యి" అని ఉన్నచోట నొక్కు. రెండు నిమిషాల పని.

ఆడపడుచు అర్ధమొగుడంటారు. ఆ హోదాలో ఆజ్ఞాపిస్తున్నాను అనుకో.

నీ
కొలబద్ద


ఫిబ్రవరి 20

కొలబద్దకు,

నీ ఉత్తరం శుక్రవారం వచ్చింది. మంగళవారం విప్పాను. మధ్యలో ఏం చేశానని అడగకు, ఏమీ చేయలేదు.

ఇక్కడ అంతా అలాగే ఉంది. దంతాల డాక్టరు గారి అల్మారా సగంలో ఉంది, నీకు గుర్తుందో లేదో. ఆరు సొరుగులకు నాలుగే అయ్యాయి. ఆయన మనిషి రెండుసార్లు వచ్చి తలుపు కొట్టి వెళ్ళాడు. నేను లోపలే ఉన్నాను. తీయకూడదని కాదు. లేచి వెళ్ళి తీయాలని అనిపించలేదు.

అందరూ నన్ను చూసి ధైర్యంగా ఉన్నానంటున్నారు. ధైర్యమేం కాదు. చెయ్యి మీద పడుకుని లేస్తే ఆ చెయ్యి మొద్దుబారి మనది కానట్టుంటుంది చూడు, ఒళ్ళంతా అలా ఉంది. ఏడుపు రావడం లేదు. వచ్చినవాళ్ళు ఏడుస్తారు, నేను టీ పెడతాను.

షాపు కంప్యూటరు వాడుకలో లేదని నీకెవరు చెప్పారు? నేను ప్రతి శనివారం పొద్దున్నే దాన్ని ఆన్ చేస్తాను. ముప్పై రోజులు తెరవకపోతే ప్రోగ్రాము తనంతట తానే తాళం వేసుకుంటుంది, యజమాని పాస్‌వర్డు అడుగుతుంది. ఆ పాస్‌వర్డు మీ అన్నయ్యకే తెలుసు. అందుకని ఆన్ చేసి, స్టూలు మీద కాసేపు కూర్చుని, ఆపేసి వస్తాను. అందులో ఏమీ గీయను. ఆయన చివరగా తెరిచిన బొమ్మ తెరుచుకుంటుంది. అయిదో సొరుగు.

నువ్వు చెప్పావు కాబట్టి నిన్న నొక్కడానికే వెళ్ళాను. నొక్కలేదు. ఆ పక్కనే గోడకు మీ అన్నయ్య అంటించిన ప్రోగ్రాము నిబంధనల కాగితం ఉంది కదా, నొక్కేముందు అది చదవడం మొదలుపెట్టాను. ఇన్నేళ్ళలో చదవడం ఇదే మొదలు. "ఇల్లు అనగా ఒకే చిరునామాలో కలిసి నివసించే వ్యక్తులు" అని ఉంది. ఆ లెక్కన నువ్వు ఆగస్టు నుంచే ఈ ఇంట్లో లేవు. అప్పుడు నాలుగో కంప్యూటరు మాట అటుంచి, నీ మూడోది కూడా ఉండకూడదేమో. నాకు సరిగ్గా తెలియదు. తెలిసినవాళ్ళనెవరినైనా అడిగి చూడు.

అర్ధమొగుడి మాట చదివాను. నువ్వు నవ్వించడానికే రాశావని నాకు తెలుసు.

చలి తగ్గిందా అక్కడ? నీ ఉన్ని శాలువా ఇక్కడే ఉండిపోయింది.

వదిన


ఫిబ్రవరి 25

వదినకు,

నీ ఉత్తరం అందింది. షెడ్డులో రంపాల పక్కన నిలబడి చదివాను. చదివాక ఒక గంటసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. ఓనరుకు ఆ గంటే నచ్చినట్టుంది.

నువ్వు ఈ ఇంట్లో లేవు. ఎంత తేలిగ్గా రాశావు! పన్నెండేళ్ళ వయసులో ఆ ఇంటికొచ్చాను. నీ పెళ్ళయిన మూడో నెల. కొత్త కోడలికి అత్త పోరు లేదనుకుంటే ఆడపడుచు దిగిందని అందరూ నవ్వారు. నువ్వు మాత్రం నా జడ వేసి బడికి పంపావు. ఇరవై ఏళ్ళు అక్కడే ఉన్నాను. ఇప్పుడు ఏడు నెలలు పని కోసం బయటికొచ్చేసరికి, గోడ మీది కాగితం చూసి లెక్క తేల్చేశావు. నేను అడిగింది ఒక్క మీట నొక్కమని. అది నొక్కడం ఇష్టం లేకపోతే ఇష్టం లేదని చెప్పు. నిబంధనల చాటు దేనికి?

సరే, నిబంధన అంటే నిబంధనే. నిన్న నేనే ప్రోగ్రాము కంపెనీకి రాసేశాను. నేను ఆ ఇంట్లో నివసించడం లేదు, నన్ను ఆ ఇంటివాళ్ళలో లెక్కవేయవద్దు అని. నువ్వు కోరిందే జరిగింది. వేరు పడ్డాం. అన్నదమ్ములు వేరు పడితే పంచాయితీ పెద్దలు కావాలి, మనకు ఒక ఈమెయిలు సరిపోయింది.

గ్రాఫు కాగితం మీద చేత్తో గీసుకుంటాను. అన్నయ్య మొదట్లో అలాగే గీసేవాడు. మిగతా ముగ్గురూ నన్ను మ్యూజియం వస్తువును చూసినట్టు చూస్తున్నారు. చూడనీ.

ఒక్క మాట అడుగుతాను. ఒకే చిరునామాలో కలిసి నివసించేవాళ్ళే ఇంటివాళ్ళయితే, అన్నయ్య ఎక్కడ నివసిస్తున్నాడు వదినా? ఎవరి కోసం శనివారం శనివారం దాన్ని ఆన్ చేస్తున్నావు?

శాలువా ఎవరికైనా ఇచ్చెయ్యి.

ఇట్లు,
వేరే చిరునామా మనిషి


మార్చి 8

నీ ఉత్తరం చదివాను. రెండుసార్లు. కోపం కూడా రాలేదు, వస్తే బాగుండేది.

రాయకూడదనుకున్నాను గానీ రాయక తప్పని పని పడింది.

కంపెనీ వాళ్ళు ఏటా ఫిబ్రవరిలో పంపే పత్రం నీకు తెలుసు కదా, ఇంటివారి వివరాలు. ఆయన పక్కన నిలబడి చెప్తుంటే నేను వంటింటి కంప్యూటరులో నింపేదాన్ని. ఈసారి కూడా వచ్చింది. నీకు ఆ ఉత్తరం పోస్టు చేసిన మర్నాడే నింపి పంపేశాను. యజమాని అన్నచోట ఆయన పేరు, ఇంట్లో ఉండేవారు అన్నచోట మన ముగ్గురి పేర్లు. ఆలోచించి రాయలేదు. చెయ్యి రాసుకుంటూ పోయింది. నువ్విక్కడ లేవని ముందురోజే నీకు రాసిన మనిషిని, మర్నాడు నీ పేరు అందులో రాశాను. ఆయన పేరూ రాశాను. పంపాక టీ తాగాను. అయిదారు రోజులకు గానీ ఏం చేశానో తట్టలేదు.

ఇంతలో నువ్వు రాసింది వాళ్ళకు చేరింది. నిన్న జవాబు వచ్చింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "ఒకే ఇంటి గురించి పరస్పర విరుద్ధమైన వివరాలు అందాయి. యజమాని స్వయంగా ఫోన్ చేసి ధ్రువీకరించాలి. ఏప్రిల్ 5 లోగా చేయనిచో ఈ ఇంటికి చెందిన అన్ని కంప్యూటర్లలోనూ ప్రోగ్రాము నిలిపివేయబడును." కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. నిలిపివేస్తే బొమ్మలన్నీ పోతాయి. పోవడమంటే ఉంటాయి, ఎవరికీ తెరుచుకోవు. ఆయనవి, నావి, నీ ఆరేళ్ళవి.

యజమాని స్వయంగా ఫోన్ చేయాలట.

నేను చేసి, సంగతి చెప్పేస్తే సరిపోతుంది కదా అంటావు. చెప్పాలంటే ఆ మాట అనాలి. అది నేనింతవరకూ నోటితో అనలేదు. నువ్వు గమనించావో లేదో. ఆసుపత్రిలో డాక్టరు నీతోనే చెప్పాడు. బంధువులకు నువ్వే ఫోన్ చేశావు. ప్లైవుడ్ డిపో ఆయనకు, దంతాల డాక్టరుకు, అందరికీ నువ్వే. షాపు తలుపు మీద కాగితం కూడా నువ్వే రాసి అంటించావు. నువ్వు వచ్చి ఉన్న ఆ పది రోజులూ నేను గ్లాసులు కడిగాను.

నిన్నటి నుంచి నాలుగుసార్లు ఫోన్ తీశాను. నంబరు నొక్కేదాకా బాగానే ఉంటుంది.

వదిన


మార్చి 13

వదినా,

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుంది నా పని. ఆ ఉత్తరం ఎందుకు రాశానో, రాసినదాన్ని ఒక్క రోజైనా బల్ల మీద ఉంచకుండా ఎందుకు పోస్టులో వేశానో నాకే తెలియదు. నువ్వు నన్ను పొమ్మన్నావనుకున్నాను. నువ్వు కాగితంలో ఉన్నది ఉన్నట్టు చెప్పావంతే, నీ తీరే అంత. ఇరవై ఏళ్ళు కలిసి ఉండి ఆ మాత్రం తెలియలేదు నాకు. నన్ను క్షమించు అని రాస్తున్నాను, చదివి ఊరుకోకుండా క్షమించు.

నీ ఉత్తరం రాగానే కంపెనీకి ఫోన్ చేశాను. ఒక అమ్మాయి ఎత్తింది. సంగతి నేను చెప్పేస్తే నీకు ఆ బాధ తప్పుతుంది కదా అని. వినలేదు. "ఆ ఇంటి తరఫున ఇంటివారే చెప్పాలండీ. మీరు ఆ ఇంటివారు కారని మీరే రాశారు కదా" అంది. ఎంతో మర్యాదగా అంది. నేను రాసిన వాక్యం నాకే చదివి వినిపించింది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నా గ్రాఫు కాగితాల వైభవం కూడా విను. మొదటి వంటింటికి ఎనిమిదడుగుల షీటును ఏడు సమాన ముక్కలు చేయమని గీసిచ్చాను. రంపం ప్రతి కోతకూ మూడు మిల్లీమీటర్ల చెక్క తినేస్తుందని, అది కలపాలని మర్చిపోయాను! ప్రోగ్రాము అయితే తనే కలుపుకునేది. ఆరు కోతలకు పద్దెనిమిది మిల్లీమీటర్లు పోయి, చివరి అర గోడల మధ్య నిలబడకుండా కిందపడింది. వడ్రంగి చెల్లెలివి, రంపం తిండి మర్చిపోయావా అని అన్నయ్య అయితే వారం రోజులు ఏడిపించేవాడు. ఓనరు మాత్రం పడిన అరను తీసి నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు. ఇంకా అక్కడే ఉంది.

నీకు రెండు దారులు చెప్తాను. ఒకటి, నాలుగు వాక్యాల ఉత్తరం నేనే రాసి ఇందులో పెట్టాను. ఫోన్ బదులు ఉత్తరమైనా తీసుకుంటారట. సంతకం పెట్టి పంపితే చాలు. చదవను కూడా చదవకు.

రెండోది చెప్పడానికి సిగ్గుగా ఉంది. వాళ్ళు ఫోనులో పాస్‌వర్డు అడగరట, పుట్టినతేదీ, చిరునామా మాత్రమే అడుగుతారట. డిపో ఆయన గొంతు కాస్త అన్నయ్య గొంతులాగే ఉంటుంది. ఆయన అయిదు నిమిషాలు మాట్లాడి, అంతా సవ్యంగానే ఉందని చెప్పేస్తే, ఏదీ మారదు. జాబితా అలాగే ఉంటుంది, షాపుది కూడా. నేను ఆయనతో మాట్లాడాను. మొదట తటపటాయించాడు, తర్వాత వస్తానన్నాడు.

నీకు ఏది తేలికైతే అది చెయ్యి. నా ఉద్యోగం సంగతి మర్చిపో.

ఎప్పటికీ నీ
ఆడపడుచు


మార్చి 22

కొలబద్దకు,

నువ్వు పంపిన కాగితం మీద సంతకం పెట్టలేదు. చదవవద్దన్నావు గానీ చదివాను. "దురదృష్టవశాత్తు" అని మొదలుపెట్టావు. అది నా మాట కాదు.

నిన్న డిపో ఆయన వచ్చాడు. మంచివాడే, పాపం. చొక్కా ఇస్త్రీ చేసుకుని మరీ వచ్చాడు. పుట్టినతేదీ అరచేతిలో రాసుకున్నాడు. షాపులో స్టూలు లాక్కుని కూర్చుని గొంతు సవరించుకున్నాడు. ఫోన్ కలిసింది. అవతల ఎవరో యజమాని గారేనా మాట్లాడేది అని అడిగినట్టుంది. "ఆ, నేనే" అన్నాడు.

నేను ఫోన్ లాక్కున్నాను. ఆయన చేతిలోంచి గుంజుకుని ఆపేశాను. గోరు తగిలి ఆయన బొటనవేలు గీరుకుపోయింది. ఆ స్టూలు మీద కూర్చుని ఇంకొకరు నేనే అంటారా! ఎవరనమన్నారు? నువ్వన్నావు. అయిదు నెలల్లో నాకు కోపం రావడం ఇదే. నీ మీద, ఆయన మీద, ఆ ఇస్త్రీ చొక్కా మీద కూడా వచ్చింది. ఆయన లేచి, స్టూలు ఎక్కడిదక్కడ పెట్టి వెళ్ళిపోయాడు.

ఇక ఈ విషయంలో నాకేమీ చెప్పకు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు.

వదిన


ఏప్రిల్ 4

కొలబద్దకు,

ఈ ఉత్తరం పొడుగ్గా ఉంటుంది, కూర్చుని చదువు. రంపాల పక్కన నిలబడి చదవకు.

ఈ రోజు పొద్దున పదిన్నరకు కంపెనీకి ఫోన్ చేశాను. షాపులోంచి కాదు, పెరటి మెట్ల మీద కూర్చుని చేశాను. మొదట ఒక పాట వినిపించారు. తర్వాత ఒక అమ్మాయి వచ్చింది, నీతో మాట్లాడిన అమ్మాయే అయి ఉంటుంది, ఎంతో మర్యాద. యజమాని గారిని పిలవండి అంది. పిలవలేనన్నాను. మీరేమవుతారంది. భార్యనన్నాను. యజమానే స్వయంగా ధ్రువీకరించాలండీ, కారణం చెప్పగలరా అంది.

చనిపోయారు అన్నాను. అక్టోబరు పద్నాలుగున చనిపోయారు.

ఏదో జరుగుతుందనుకున్నాను. ఏమీ జరగలేదు. అవతల కీబోర్డు చప్పుడు వినిపించింది. "నమోదు చేశానండీ. కొత్త యజమాని పేరు చెప్పండి" అంది. నా పేరు చెప్పాను. ఒక్కో అక్షరం విడదీసి చెప్పమంది, చెప్పాను. ఇంటివాళ్ళు ఎంతమంది అంది.

ఇద్దరం అన్నాను.

రెండోవారు ఎవరండీ అంది. మా ఆడపడుచు అన్నాను. ఆవిడ ఈ ఇంట్లో ఉండటం లేదని ఆవిడే రాసిచ్చారే అంది. కోపంలో రాసింది, కోపంలో రాసినవాటిని మీరు లెక్కలోకి తీసుకుంటారా అన్నాను. "దానికి విడిగా గడి లేదండీ" అంది. నాకు నవ్వొచ్చింది. నవ్వలేదు గానీ, వచ్చింది.

అప్పుడు తనే చెప్పింది. ఆ నిబంధనలకు రెండో పేజీ ఉందట. చదువు కోసమో పని కోసమో కొంతకాలం దూరంగా ఉన్నవాళ్ళు కూడా, తిరిగి వచ్చే ఇల్లు అదే అయితే, ఇంటివాళ్ళేనట. మీ అన్నయ్య గోడకు మొదటి పేజీ ఒక్కటే అంటించాడు. ఆయనకు అన్నిట్లోనూ మొదటి పేజీ చాలు కదా. అది తెలియక మనిద్దరం ఇంత రాసుకున్నాం.

అయితే ఆ గడిలో తిరిగి వచ్చే తేదీ వేయాలట. వేయకపోతే ముందుకు కదలదట. ఎప్పుడొస్తారండీ అని అడిగింది. అది నేను చెప్పేది కాదు, ఆవిడే వేస్తుందన్నాను. నీకు ఈమెయిలు పంపుతారు. నెలాఖరులోగా నింపాలి. రానని వేసినా నేనేమీ అనుకోను. అనుకుంటాను గానీ, నీకు రాయను.

జాబితా సంగతి కూడా ఈ రోజే తేల్చేశాను. వంటింటిది తీసేశాను. అది నాది, నేను నొక్కితే నాకేమీ కాలేదు. అలా చేయొచ్చని నీకూ తట్టలేదు, నాకూ ఇన్నాళ్ళూ తట్టలేదు. ఇద్దరం షాపుదాని మీదే పడ్డాం. ఇప్పుడు ఒక చోటు ఖాళీ. నీ కొత్తది అందులో పెట్టుకో. మునిగిపోయినదాని చోటు కూడా ఉత్తరం రాస్తే విడిపిస్తారట. యజమాని రాయాలి, అంటే నేను. రాస్తాను.

ఇక నుంచి ముక్కల జాబితాలు తీయాలంటే నేను షాపులోనే కూర్చోవాలి. మధ్యాహ్నం కూర్చున్నాను. ఏడుపొస్తుందేమోనని తలుపు దగ్గరగా వేసి మరీ కూర్చున్నాను. రాలేదు. ఆకలేసింది. ఇంతకాలం టైము చూసి తింటున్నాను, ఈ రోజు ఆకలేసి తిన్నాను. తిన్నాక అయిదో సొరుగు ముక్కల జాబితా తీసి, డిపోకు తీసుకెళ్ళి, కోసిపెట్టమని ఇచ్చాను. ఆయన బొటనవేలికి ఇంకా పట్టీ ఉంది. క్షమించమన్నాను. ఏం ఫర్వాలేదమ్మా, రంపాలతో బతికేవాళ్ళం, గోరు ఒక లెక్కా అన్నాడు.

నేనింకా బాగాలేను. బాగున్నానని ఎవరికీ చెప్పొద్దు. మొద్దుబారడం ఉంది. కానీ నిన్న నీమీద ఉన్న కోపం ఇవాళ లేదు, ఆ మాత్రం తేడా తెలుస్తోంది.

శాలువా ఎవరికీ ఇవ్వలేదు.

వదిన


ఏప్రిల్ 10

వదినా,

శనివారం పొద్దున ప్రోగ్రాము దానంతటదే తెరుచుకుంది. ఎందుకో తెలియలేదు. పైన యజమాని అన్నచోట నీ పేరు ఉంది. కంపెనీ వాళ్ళ దగ్గర ఏదో పొరపాటు జరిగిందనుకుని, మళ్ళీ మూసుకుపోయేలోగా గబగబా మొదటిదాని అర సరిచేసి, రెండో వంటిల్లు గీసేశాను. రంపం తిండి కలుపుకునే గీశాను. నిన్న కోసి బిగించారు. కూర్చుంది. ఓనరు వచ్చి నా బల్ల మీది పొట్టి అరను పట్టుకెళ్ళిపోయాడు. ఆయన భాషలో అది మెచ్చుకోలని పక్కవాళ్ళు చెప్పారు. ఇంకొక వంటిల్లు, అయిదు రోజులు.

మంగళవారం నీ ఉత్తరం వచ్చింది. కూర్చునే చదివాను.

తేదీ గడి నింపాను. ఏప్రిల్ 20, ఆదివారం. ఉద్యోగం వచ్చినా వస్తాను, పోయినా వస్తాను. వస్తే రెండు రోజులుండి వెళ్తాను, పోతే సామానుతో దిగుతాను. మళ్ళీ వెళ్తే ఏం చేయాలని ఆ అమ్మాయినే ఫోన్ చేసి అడిగాను. కొత్త తేదీ వేసుకోవచ్చట, ఎన్నిసార్లయినా వేసుకోవచ్చట. నన్ను గొంతు పట్టి గుర్తుపట్టింది. ఇప్పుడు మీరు ఇంటివారేనండీ అని చెప్పింది.

నీకు ఒకటి చెప్పాలి. అన్నయ్య పోయిన రోజు నేను నలభై మూడు మందికి ఫోన్ చేశాను. పేర్లు కొట్టేసుకుంటూ, ఒకరి తర్వాత ఒకరికి, ఒకే వాక్యం. గొంతు ఎక్కడా వణకలేదు. గట్టి పిల్ల అన్నారు అందరూ. డాక్టరు నాతో చెప్పినప్పుడు కూడా నేను తల ఊపి, తర్వాత ఏ కాగితాల మీద సంతకం పెట్టాలో అడిగాను. నిన్ను ధైర్యవంతురాలన్నారు, నన్ను గట్టిదన్నారు. ఇద్దరం ఒకలాగే ఉన్నాం, ఒకరినొకరం చూసుకోలేదు. నీకు ఎవరూ చెప్పలేదని నువ్వు రాశాక గానీ నాకు తట్టలేదు. నీ పక్కనే నిలబడి ఊళ్ళో వాళ్ళందరికీ చెప్పాను, నీ వైపు తిరిగి చెప్పలేదు.

నాకూ ఎవరూ చెప్పలేదు వదినా. నీ చేతిరాతలో ఆ రెండు ముక్కలు, ఆ తేదీ చదివాను. చనిపోయారు, అక్టోబరు పద్నాలుగున. నీ అక్షరాలు ఎప్పటిలాగే కుదురుగా ఉన్నాయి. అప్పుడు తెలిసింది. ఉత్తరం ఒళ్ళో పెట్టుకుని, కింద టైర్ల షాపు వాళ్ళు పైకి వచ్చి ఏమైందమ్మా అని తలుపు కొట్టేదాకా ఏడ్చాను.

తలుపు తీశాను. మా అన్నయ్య చనిపోయాడండీ అని చెప్పాను. ఎప్పుడమ్మా అని అడిగారు. ఇప్పుడే తెలిసింది అన్నాను.

కొలబద్ద